ఓడలపై టేకు

ఆకాశవాణి హైదరాబాదు కేంద్రమునకు కూతవేటు దూరమున లక్డీకాపూల్ కలదు. ఖైరతాబాదు నుండి నాంపల్లికి పోవు బస్సులలోనివారు, స్థానికపు రైలు దిగువారు, 2018లో ఆ దారిన నడువనారంభించిన మెట్రోరైలులో మేడలెత్తున పోవువారు, అందఱును దినమునకెన్నిసార్లో ఆ పేరు పలుకుచునేయుందురు. లక్డీ యనగా కర్ర, పూల్ అనగా వంతెన. మన మాటలో చెప్పవలెనన్న కర్రవంతెన. కాని నేడచ్చట ఎంత వెదకినను ఆ వంతెన పలక యొక్కటియు కానరాదు. ఉన్నదంతయు ఇనుము, సిమెంటు. వంతెన పోయినది, పేరు నిలిచినది.

కర్రను గురించి మనకందఱకును ఇట్టి యభిప్రాయమే కలదు. రాయి నిలుచునది, కర్ర కొంతకాలముండి పోవునది అని. ఎండకు బీటలువాఱును, వానకు చివుకును, చెదలు తినును. కాని ఇంగ్లండు ఈశాన్యతీరమున హార్టిల్‌పూల్ అను రేవులో ఒక ఓడ కలదు. దాని పేరు ట్రింకోమలీ. 1817లో బొంబాయి ఓడల కార్ఖానాలో వాడియా వంశపు పారసీ నిపుణులు మలబారు టేకుతో దానిని కట్టి సముద్రమున దింపిరి. రెండువందల యేండ్లు దాటినను అది నేటికిని నీటిమీద తేలుచునేయున్నది. నడుమ మరమ్మతులు జరిగిన మాట నిజము. అయినను నాటి టేకు అందు చాలవఱకు నిలిచియున్నది. ఎండవానలే వంతెనను తినివేయగా, ఎండవానలకు తోడు ఉప్పునీటిని గూడ సహించి ఈ ఓడ యెట్లు నిలిచినది? ఈ ప్రశ్నకు సమాధానము కొంత చెట్టులో నున్నది. కొంత, దినదినమును ఆ చెక్కను కనిపెట్టియుండిన మనుష్యుల చేతులలో నున్నది. అందు మన తెలుగువారి చేతులును కలవు.

ముందు చెట్టు సంగతి చూతము. టేకు మన దేశపు చెట్టు. దక్షిణ మధ్య భారతములందును, బర్మా, సయాము, లావోసు దేశములందును సహజముగా పెరుగును. ఆదిలాబాదు అడవులలో, భద్రాచలపు మన్యమున, పాపికొండలలో దీనిని చూడవచ్చును. లేత యాకును అరచేత నలిపిన చేయి యెఱ్ఱబాఱును. అడవిపల్లెల పిల్లలకిది యొక ఆట. మలబారు తీరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకులు అచ్చటివారి నోట తేక్కు అను మాట విని, తమ భాషలో తేకా యనిరి. ఇంగ్లీషువారి మాటయు అందుండి పుట్టినదే. చెట్టుతోపాటు పేరును గూడ పడమటివారు మన ద్రావిడభాషల నుండియే కొనిపోయిరి.

ఈ చెట్టు బలమంతయు చేవలో నున్నది. బయటి తెల్లని చెక్క త్వరగా పురుగుపట్టును; లోపలి బంగారువన్నె చేవను చెదలు ముట్టుట యరుదు. ఆ చేవలో సహజముగా నొక నూనె కలదు. నీరు లోని కింకకుండ అది కాపాడును. చెక్కలో ఇసుకవంటి పదార్థము కణములుగా నుండుటచేత వడ్రంగి ఉలి త్వరగా మొద్దువాఱును గాని, అదే గుణము అడుగుల రాపిడిని తట్టుకొనుటకు తోడ్పడును. తడిసినను ఎండినను ఈ చెక్క ఉబ్బుట, కుంచించుట స్వల్పము. మఱియొక గుణము ఓడలకు మిక్కిలి ముఖ్యమైనది. ఐరోపావారు ఓడలకు వాడిన ఓకు చెక్కలోని ఆమ్లము ఇనుపమేకులను తినివేయును. టేకు అట్లు చేయదు. అందుచేతనే 1860లో ఇంగ్లండున నీటికి దింపిన వారియర్ అను ఇనుపకవచపు యుద్ధనౌకకు, నాలుగున్నర అంగుళముల ఇనుపరేకు వెనుక పదునెనిమిది అంగుళముల మందమున టేకును అమర్చిరి. ఫిరంగి దెబ్బకు ఇనుము పగులకుండ వెనుకనుండి ఆదుకొన్నది మన అడవిచెట్టు.

ఇక మన తీరము. శాతవాహనరాజు శ్రీయజ్ఞశాతకర్ణి కాలపు సీసపు నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ కలదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దినాటికే ఈ తీరమువారికి ఓడ యెంత ముఖ్యమో దానివలన తెలియుచున్నది. కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన యభయశాసనము సుప్రసిద్ధము. గాలివానకు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును అంతకుముందు రాజులు అపహరించుచుండిరి. ఆ ప్రభువు సుంకము దక్క వేఱేమియు తీసికొనబోనని వర్తకులకు మాటయిచ్చెను. పలకలు పట్టు తప్పిన ఓడకు రాజధర్మమే రక్ష యయ్యెను.

గోలకొండ కుతుబ్‌షాహీల కాలమునకు మచిలీపట్టణము పెద్దరేవు, నరసాపురము ఓడలు కట్టు తావు. గోదావరి యెగువ అడవులనుండి కలప తెప్పలుగా కట్టబడి నదిలో దిగివచ్చును. ఇనుము దేశములోనే దొరకును. వడ్రంగులు, కమ్మరులు ఊరనే యుందురు. ఇంగ్లీషు కుంపిణీవారి గ్లోబు అను ఓడ తూర్పుదేశములు తిరిగి శిథిలమైరాగా, 1614లో నరసాపురమున దానిని బాగుచేయించుకొనిరి. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ తీరమునకు వచ్చిన థామస్ బౌరీ అను నావికవర్తకుడు గోలకొండ సుల్తాను ఓడలను గురించి వ్రాసిన సంగతి యొకటి మనోహరముగా నున్నది. ఆ ఓడలు అరకానుకును, తెనాసరిమునకును, సింహళమునకును పోయి ఏనుగులను కొనితెచ్చెడివట. ఒక్కొక్క ఓడలో 14 మొదలు 26 వఱకు ఏనుగులుండెడివట. ఏనుగు పాదము క్రింద పలక యెట్లుండవలెనో, దాని క్రింది దూలమెట్లుండవలెనో, సందులు విడిపోకుండ ఎట్టి పని జరుగవలెనో శ్రోతలు ఊహింపగలరు. గోలకొండ కోటవాకిట నిలిచిన ఏనుగు, తెలుగు వడ్రంగి దూలమును నమ్ముకొని సముద్రము దాటివచ్చినదే కావచ్చును.

నరసాపురము తరువాత కోరంగి పేరొందెను. గోదావరి పాయ సముద్రమున కలియుచోట నున్న ఈ రేవున 1802లో ఓడలను నీటినుండి వేఱుచేసి బాగుచేయుటకు రేవుగుంట యొకటి యేర్పడినది. ఇంగ్లీషు నౌకాదళపు ఓడలు గూడ అచ్చటికి మరమ్మతుకు వచ్చుచుండెడివి. 1789లోను, మరల 1839 నవంబరులోను సముద్రము పొంగి కోరంగిని ముంచెను. వేలాదిజనము మడిసిరి. పిమ్మట నదిముఖమున మేట వేయుటచేత పెద్ద ఓడలకు దారి మూసికొనిపోయినది. అయినను చెంతనున్న తాళ్లరేవులో కర్ర ఓడలు కట్టు పని వంశపారంపర్యముగా సాగుచువచ్చినది.

ఓడ పైతలమును నావికులు డెక్కు అందురు. అది గదికి నేలవంటిది, ఇంటికి కప్పువంటిది. పైన మనుష్యులు నడువవలెను, క్రింద సరకు తడువరాదు. ఒకే పలక ఈ రెండు పనులు చేయవలసియున్నది. దానిని పఱచు పద్ధతి యిది. నీరు రెండువైపులకు జాఱునట్లు అడుగుదూలములను నడుమ నొకింత ఎత్తుగా చేయుదురు. పలకలను దుంగ నడిబొడ్డునుండి అంచువైపునకు, నార నిలువుగా వచ్చునట్లు కోయింతురు. ఇట్లు కోసిన పలక వంకరపోదు, సమముగా అరుగును. ప్రక్కప్రక్కల పఱచిన పలకల నడుమ సన్నని సందు విడుతురు. ఆ సందులో నూలుపీచునో జనుపపీచునో ఉలివంటి పనిముట్టుతో గట్టిగా కూరి, పైన వేడి కీలు పోసి మూయుదురు. మేకుతలలు పైకి కనబడకుండ గుంటచేసి దింపి, వానిపై టేకుబిరడాలు బిగింతురు. బిరడా నార పలక నార ఒకే దిక్కుగా నుండవలెను. లేకున్న తడిసి ఉబ్బినప్పుడు బిరడా ఊడిపోవును. ఇప్పటి పనివారు కీలునకు బదులు రబ్బరువలె సాగు రసాయనపు ముద్దను వాడుదురు గాని, సూత్రము మాఱలేదు.

ఇట్లు పఱచిన డెక్కునకు శత్రువెవరు? ఎండయు వానయు అని మనమనుకొందుము. అది సగమే నిజము. ఎండకు టేకు వెలిసి వెండివన్నె పొందును. చూచువారు చెడిపోయినదనుకొందురు. అది పైపొరకు కలిగిన మార్పు మాత్రమే, చేవకు చెఱుపు కాదు. ఉప్పునీరు టేకునకు శత్రువు కాకపోగా మిత్రము. ఉప్పు బూజును పెరుగనీయదు. గాలిలోని తేమను పట్టి పలకలను ఎండిపోనీయదు. పలకలు తేమతో నిండుగా నున్నంతకాలము సందులు బిగువుగా నుండును. అందుచేతనే ఉష్ణదేశములలో నావికులు ప్రొద్దుటను సాయంకాలమునను సముద్రజలము తోడి డెక్కుపై చల్లుదురు. వాననీరు నిలుచుట మాత్రము మంచిది కాదు. అది బూజునకు పుట్టినిల్లు.

నిజమైన శత్రువులు రెండు. మొదటిది సందులో దాగిన నీరు. కీలు పగిలిన చోట, బిరడా లేచిన చోట బొట్టుబొట్టుగా నీరు దిగి పలక అడుగున చేరును. అచ్చట ఎండ తగులదు, గాలి యాడదు. పైనుండి చూడ డెక్కు చక్కగనే యుండును, క్రింది దూలము మాత్రము మెత్తనై కుళ్లును. తెలివిగల సరంగు డెక్కు కడిగిన తరువాత అది ఆఱుచున్నప్పుడు చూచును. అంతట ఆఱినను ఏ సందు ప్రక్కన తడిగీత నిలిచియుండునో, అచ్చట నీరు లోపలికి పోవుచున్నదని గ్రహించును. వెంటనే ఆ జానెడు మేర పాతకీలు గీకి, ఎండబెట్టి, మరల పీచు కూరి మూయించును. ఈ పని ఒక పూటది. విడిచిపెట్టిన, ఓడను ఎండునేలకు ఎక్కించి మొత్తము విప్పవలసివచ్చును.

రెండవ శత్రువు ఆశ్చర్యకరమైనది. అది మితిమీరిన శుభ్రత. ఇంగ్లీషు యుద్ధనౌకలలో నావికులు తెల్లవాఱుజామున మోకరిల్లి, తడిపి ఇసుక చల్లిన డెక్కును ఇసుకరాతిదిమ్మలతో రుద్దెడివారు. ప్రార్థనకు వలె మోకరిల్లవలసి యుండుటచేత ఆ రాతికి పవిత్రశిల యని పేరు వచ్చినదని చెప్పుదురు. డెక్కు తెల్లగా మెఱసెడిది. కాని రుద్దిన ప్రతిదినమును చెక్క వెండ్రుకవాసి అరిగెడిది. నాటి ఓడలపై రెండు మూడంగుళముల మందపు పలకలుండుటచేత ఆ వ్యయము సాగినది. నేటి విహారనౌకలపై టేకుపొర సాధారణముగా అర అంగుళమునకు మించదు. చెక్కలో గట్టి నారయు మెత్తని నారయు పొరలుపొరలుగా నుండును. నార వెంబడి గట్టికుంచెతో తోమినను, యంత్రపు నీటిధార కొట్టినను మెత్తని పొర కొట్టుకొనిపోయి గట్టిపొర గట్లవలె లేచును. గట్లను చదును చేయుటకు చిత్రికపట్టుదురు. చిత్రికపట్టిన కొలది పలక పలుచనై బిరడాలు లేచును. బిరడా లేచిన నీరు దిగును. ఇట్లు రెండవ శత్రువు తలుపు తీసి మొదటి శత్రువును లోనికి పిలుచును.

కనుక అనుభవజ్ఞులు చెప్పు ధర్మములు సులభమైనవి. మెత్తని కుంచెతో, నారకు అడ్డముగా, ఉప్పునీటితో మెల్లగా తోమవలెను. తెలుపుచేయు ఘాటైన మందులు వాడరాదు. అవి చేవలోని నూనెను లాగివేయును. నూనెపట్టించుట, వార్నీషు పూయుట కంటికి సొగసే గాని, ఎండకు నూనె నల్లబడి బూజునకు ఆహారమగును. వార్నీషు పొట్టులేచి తడికాలికి జారుడగును. వెండివన్నెను వెండివన్నెగనే యుండనీయవలెను. సందులను, బిరడాలను మాత్రము ఎప్పటికప్పుడు కనిపెట్టవలెను. డెక్కునకు వలసినది బలము కాదు, కన్ను.

ఇంత జాగ్రత్త యెందులకని యడుగువారికి బర్మా చరిత్ర సమాధానము చెప్పును. మలబారు అడవులు ఓడలకై తఱుగగా, ఇంగ్లీషువారు 1826లో తెనాసరిమును, 1852లో పెగూరాజ్యమును, 1885లో ఉత్తరబర్మాను ఆక్రమించిరి. ఆ ఆక్రమణలకు వేఱు కారణములును కలవు గాని, టేకు వానిలో నొకటి. 1856లో పెగూ అడవులపై నియుక్తుడైన డీట్రిచ్ బ్రాండిస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఏటేట నఱకదగిన చెట్ల లెక్క కట్టెను. పచ్చిటేకు నీట మునుగును. అందుచేత చెట్టు మొదట చుట్టును చేవవఱకు గాడిగొట్టి, నిలువుననే చంపి, మూడేండ్లవఱకు ఎండనిచ్చి, అటుపిమ్మట నఱకుదురు. ఏనుగులు దుంగలను వాగులకు ఈడ్చును. వఱదలో అవి తేలి ఐరావతీనదిని చేరి తెప్పలై రంగూనునకు వచ్చును.

ఆ రంగూను రేవులో, కోతమిల్లులలో, బియ్యపుమిల్లులలో మూటలుమోసి దుంగలుదొర్లించినవారిలో మనవారు పెక్కుమంది. గోదావరి, విశాఖ, గంజాం మండలములనుండి ఏటేట వేలకొలదిగా ఓడలెక్కి పోయెడివారు. బర్మావారు వారిని కోరంగీలనిరి. ఒకనాడు ఓడలు కట్టి పంపిన రేవు పేరు, ఓడలలో కూలికిపోయిన జనమునకు పేరయ్యెను. అది గౌరవముగా పిలిచిన పిలుపు గాదు. 1930 మే నెలలో రంగూను రేవుకూలీల పనివిషయమున తగవు రేగి, తెలుగుకూలీలకును బర్మావారికిని ఘోరమైన కొట్లాటలు జరిగినవి. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. 1942లో జపానుసేనలు రాగా లక్షలాది భారతీయులు అడవిదారులవెంట కాలినడకను స్వదేశమునకు బయలుదేఱిరి. దారిలో రాలినవారి లెక్క సరిగా తేలలేదు. 1962 తరువాత సైనికప్రభుత్వము వ్యాపారములను స్వాధీనముచేసికొనగా మఱికొందఱు తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట యా జ్ఞాపకమును నేటికిని మోయుచున్నది. ఏ విలాసనౌక డెక్కుపై చెప్పులులేక నడిచినవారికైనను ఆ చెక్క చల్లదనమే తెలిసినది. దానిని మోసిన భుజముల సంగతి తెలియలేదు.

ఇంతలో కాలము మాఱినది. 1941 జూన్ 21వ తేదీన విశాఖలో వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా సంస్థ ఓడల కార్ఖానాకు బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14వ తేదీన జల ఉష అను ఉక్కు ఓడను జవాహర్‌లాల్ నెహ్రూ గారు నీటికి దింపిరి. 1952లో ఆ కార్ఖానా హిందుస్థాన్ షిప్‌యార్డుగా మాఱెను. ఓడ దేహము ఉక్కయినను చెక్కను పూర్తిగా విడువలేదు. ఉక్కు ఎండకు కాలును, తడికి జాఱును. టేకు రెండును చేయదు. కనుకనే ఇరువదవ శతాబ్ది ప్రయాణికుల ఓడలలోను, పెద్ద యుద్ధనౌకలలోను ఉక్కుపై చెక్క పఱచు వాడుక చాలకాలము నిలిచెను. నేడది ముఖ్యముగా విహారనౌకలకు మిగిలినది.

కాని చెట్టెక్కడిది? సహజారణ్యమున టేకు డెక్కునకు తగిన చేవపట్టుటకు ఎనుబది నూఱేండ్లు పట్టును. బర్మా, అనగా నేటి మియన్మారు, 2014 ఏప్రిలు నుండి దుంగల ఎగుమతిని నిషేధించెను. 2021లో అచ్చట సైన్యము మరల గద్దెనెక్కగా అమెరికా, ఐరోపా రాజ్యములు ఆ ప్రభుత్వపు కలపసంస్థపై ఆంక్షలు విధించినవి. అడవి తఱుగుచున్నది, మిగిలిన చెక్కపై వివాదము రేగుచున్నది. నాటిన తోటల టేకు, టేకును పోలిన కృత్రిమపు పఱుపులు వచ్చుచున్నవి. ఇట్టి యెడల ఉన్న డెక్కును నిలుపుకొనుట సొగసు విషయము కాదు, ధర్మవిషయము. నూఱేండ్లు పెరిగిన చెట్టును పదేండ్లలో రుద్దిపాఱవేయుట ఏ లెక్కన జూచినను నష్టమే. ట్రింకోమలీ ఓడవలె రెండు శతాబ్దులు నిలిపిననే ఆ చెట్టు ఋణము తీఱినట్లు.

లక్డీకాపూల్ దాటునప్పుడు మనకు వంతెన కనబడదు. అది యే చెక్కతో కట్టినదో, ఎవరు కట్టిరో అడుగువారును తక్కువ. వడ్రంగి పేరు వంతెనకు రాదు, వంతెన పేరు ఊరికి వచ్చును. ఇకమీదట ఆ పేరు చెవినిబడినపుడు, నరసాపురపు ఒడ్డున పలకసందులలో పీచుకూరిన చేతిని, రంగూను రేవున దుంగక్రింద వంగిన వీపును ఒకమాఱు తలచుకొందము. మన యింట తాతలనాటి టేకుతలుపో, ఊయలబల్లయో యున్నయెడల, ఈ వానకాలమునకు ముందు దాని సందులవైపు ఒకసారి చూతము.